సెట్టు పిచ్చి

మాథ్యూ హెన్రీ బైబిలు వ్యాఖ్యానం ఆరు సంపుటాలు. నా దగ్గర మూడు సెట్లున్నాయి. మూడూ కలిపి నేను చదివింది ఆదికాండం ముప్పయ్యో అధ్యాయం దాకా. మొదటి సెట్టులో పదో అధ్యాయం దగ్గర ఆగాను. రెండో సెట్టు కొన్నాక కొత్త ఉత్సాహం వచ్చి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి ఇరవై దాకా పోయాను. మూడోది ముప్పయి దాకా లాక్కొచ్చింది. ఈ లెక్కన ఆదికాండం ఒడవాలంటే ఇంకో రెండు సెట్లు కొనాలి.

నేను తెలుగు పండితుణ్ణి. బీబీపేట చుట్టుపక్కల సర్కారు బళ్ళలో సంధులు, సమాసాలు చెప్పి రిటైరయ్యాను. నా ఇంగ్లిషు ఎట్లాంటిదంటే, ఇంగ్లిషు సారు సెలవు పెట్టిన రోజున కూడా హెడ్మాస్టరు నన్ను ఆ క్లాసుకు పంపలేదు. లెక్కల సారును పంపేవాడు. అట్లాంటివాణ్ణి మూడు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లిషు పుస్తకాలకు జీతం తగలేశాను. హెన్రీ ఒక వాక్యం మొదలుపెడితే క్రియాపదం వచ్చేసరికి కర్త ఎవరో మరిచిపోతాను. మరిచిపోయి పుస్తకం మూసి, వెన్ను మీది బంగారు అక్షరాలు బట్టతో తుడిచి లోపల పెడతాను. ఆ తుడవడమే నేను చేసిన బైబిలు ధ్యానం.

దీని మూలం మెదక్‌లో ఉంది. ఇప్పుడంటే మాది కామారెడ్డి జిల్లా, 2016లో వచ్చింది. నా చిన్నప్పుడు నిజామాబాదు. మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి వెస్లియన్ మిషను పేరు తాతల నాటి నుంచి తెలుసు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో కూలీలకు తిండి పెట్టి కట్టించిన మెదక్ పెద్ద గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. బాపు నన్ను క్రిస్మస్‌కు అక్కడికి తీసుకుపోయేవాడు. అందరూ రంగుటద్దాల కిటికీల కింద నిలబడి పైకి చూసేవారు. నేను మాత్రం ఒక అయ్యగారి ఇంట్లో అద్దాల బీరువా చూసి అక్కడే ఆగిపోయాను. నల్లటి తోలు అట్టలు, ఒకే ఎత్తు, వెన్ను మీద ఒకటి, రెండు, మూడు అని వరస. లోపల ఏముందని నేను అడగలేదు. ఆయన కుర్చీలో కూర్చున్నారు, వెనక బీరువా ఉంది, ముందు బాపు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నాకు ఆ కుర్చీ కావాలనిపించింది. వ్యాఖ్యానాల మీద ప్రేమ అని నలభై ఏళ్ళు చెప్పుకున్నాను గానీ, జరిగింది ఇదీ.

పాత సెట్లు దొరికే చోటు హైదరాబాదులో ఆబిడ్స్. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గనుక వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అంటే దేవుని వాక్యం మీద వ్యాఖ్యానాలు కొనడానికి నేను ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి, చీకటితో కామారెడ్డి పోయి హైదరాబాదు బస్సెక్కేవాణ్ణి. ఇంట్లో డీఈవో ఆఫీసులో పని అనేవాణ్ణి. ఆదివారం డీఈవో ఆఫీసు ఎట్లా తెరుస్తారని మా ఆవిడ ఎన్నడూ అడగలేదు. సాయంత్రం యూరియా సంచి భుజాన వేసుకొని దిగితే మాత్రం, "డీఈవో ఆఫీసుల మంచిగనే ఇచ్చిండ్రే" అనేది.

ఈ పుస్తకాలు ఫుట్‌పాత్ మీదికి ఎట్లా వస్తాయో అక్కడ తిరగ్గా తిరగ్గా తెలిసింది. ఒక ముసలి పాస్టరు కాలం చేస్తాడు. కొడుకు అమెరికాలోనో అల్వాల్‌లోనో ఉంటాడు. ఇల్లు ఖాళీ చెయ్యాలి. తండ్రి సైకిలుకు ఎవరైనా ధర కడతారు, పుస్తకాలు మాత్రం కిలోల లెక్కన పోతాయి. కిలోల లెక్కన కొన్న వ్యాపారి నాకు సంపుటాల లెక్కన అమ్ముతాడు. ఆయనకు నా మొహం చూడగానే రోగం తెలిసింది. ఆడమ్ క్లార్క్ వ్యాఖ్యానం ఆరు పుస్తకాల్లో అయిదు ముందు పెట్టి చవగ్గా చెప్పాడు. నాలుగోది లేదేమంటే, "గోదాములో చూస్తా సార్" అన్నాడు. మరో ఆదివారం పోతే నాలుగోది సిద్ధంగా ఉంది. అయిదింటికి కలిపి ఎంత తీసుకున్నాడో ఆ ఒక్కదానికి అంత చెప్పాడు. బేరమాడితే అమ్మడేమోనని నోరెత్తలేదు. ఇంటికొచ్చి ఆరూ వరసగా పెట్టి చూస్తే, ఆరింటి అట్టల మీదా ఒకే చోట ఒకే సుతిలి తాడు ఒత్తిన గుర్తు ఉంది. అన్నీ ఒకే కట్టలో ఏళ్ళ తరబడి ఉన్నవే. అది చూసి నాకు కోపం రావాలి కదా? సెట్టు కలిసిందని ఆనందం వేసింది.

స్పర్జన్ గారి 'ట్రెజరీ ఆఫ్ డేవిడ్' దగ్గర ఇంకా దిగజారాను. కీర్తనల గ్రంథం మీద ఏడు సంపుటాలు, 1870 నుంచి 1885 దాకా వచ్చాయి. ఆరో సంపుటంలో చాలా భాగం 119వ కీర్తనే, 176 వచనాల కీర్తన అది. నా సెట్టులో సరిగ్గా ఆ ఆరోదే లేదు. ఆంధ్రా వైపు ఎవరో పూర్తి సెట్టు అమ్ముతున్నారని తెలిసి ఫోన్ చేశాను. "ఏడూ ఉన్నాయా?" అంటే, "ఏడు పుస్తకాలండీ, కంప్లీటు" అన్నాడు. డబ్బు పంపాను. పార్సిలు వచ్చింది. ఏడు పుస్తకాలే, అబద్ధం లేదు. అయిదోది రెండు ఉన్నాయి, ఆరోది లేదు. అట్లా ఇప్పుడు నా దగ్గర 104 నుంచి 118 దాకా కీర్తనల వ్యాఖ్యానం మూడు ప్రతులున్నాయి. ఆ పదిహేను కీర్తనల మీద నన్ను ఏమడిగినా చెప్పలేను.

పాత పుస్తకాల్లో నాకు బాగా చదవ వచ్చింది ఒక్కటే, ముందటి యజమాని పెన్సిలు గీత. ఆదికాండంలో ప్రతి పేజీకీ గీతలు, పక్కన సన్నటి రాత, అక్కడక్కడ తేదీ. నిర్గమకాండంలో పది ఆజ్ఞల దాకా అదే జోరు. ప్రత్యక్షపు గుడారం కొలతలు మొదలయ్యాక గీతలు పలచనవుతాయి. లేవీయకాండం పదకొండో అధ్యాయంలో ఏ జంతువును తినవచ్చు, ఏది తినకూడదు అన్న చోట పెన్సిలు పూర్తిగా ఆగిపోతుంది. ఒకరిది కాదు, వేరు వేరు ఊళ్ళ నుంచి వచ్చిన పుస్తకాల్లో, వేరు వేరు చేతిరాతల్లో, అందరూ ఆ చుట్టుపక్కలే ఆగారు. ఒక పాత ప్రతిలో యెహెజ్కేలు గ్రంథం దగ్గర కాగితాల అంచులు అతుక్కునే ఉన్నాయి. పూర్వం పెద్ద కాగితం మీద అచ్చు వేసి, మడిచి కుట్టేసేవారు. చదివేవాడు కత్తితో అంచు కోసుకుంటూ పోవాలి. నూరేళ్ళకు పైబడిన పుస్తకం అది. ఎందరి చేతులు మారిందో గానీ ఎవరూ యెహెజ్కేలును కోయలేదు. నేనూ కోయలేదు. కోస్తే విలువ పడిపోతుందని.

ఆడమ్ క్లార్క్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన వల్లనే ఊళ్ళో నాకొక పేరు వచ్చింది. ఐర్లండులో పుట్టిన మెథడిస్టు బోధకుడు, జాన్ వెస్లీ కాలంలోనే సేవలోకి వచ్చినవాడు. ఆయన వ్యాఖ్యానం మొదట ఎనిమిది సంపుటాలుగా 1810, 1826 మధ్య అచ్చయింది. చాలా భాషలు నేర్చిన మనిషి. అంత పండితుడు ఆదికాండం మూడో అధ్యాయం దగ్గరికి వచ్చి, హవ్వతో మాట్లాడింది పాము కాదు, ఒరాంగుటాన్ లాంటి కోతి జాతి జంతువు అని వాదించాడు. పొట్టతో పాకమని శపించారంటే అంతకు ముందు నిటారుగా నడిచేదే కదా, మాట్లాడిందంటే మాట వచ్చినదే కదా అని తర్కం. అరబీ నుంచి కూడా ఆధారాలు లాక్కొచ్చాడు. మిగతా పండితులు ఈ మాట ఒప్పుకోలేదు. ఆ ముక్క నాకు ఆ తర్వాత తెలిసింది.

ఒక శనివారం మా అయ్యగారు ఏదో మీటింగు పని మీద మెదక్ పోతూ, "రేపు మీరే వాక్యం చెప్పండి సారూ, అన్ని పుస్తకాలున్నయి గదా" అన్నారు. నేను ఎదురుచూసిన కుర్చీ అది. రాత్రంతా డిక్షనరీ పక్కన పెట్టుకొని క్లార్క్‌ను తవ్వాను. తెల్లారి సంపుటాన్ని చేత్తో పట్టుకొనే వేదిక ఎక్కాను, అట్ట జనానికి కనపడేటట్టు. ఏదెను తోటలో పాము లేదు, కోతి ఉండెను అని గంట సేపు చెప్పాను. ఇంకే ఊళ్ళోనైనా జనం తిరగబడేవారేమో. మా దగ్గర కోతుల బాధ ఎట్లాంటిదంటే, మక్క చేను నిలవదు, ఇంటి మీద పెంక నిలవదు, తలుపు దగ్గరికి వేయడం మరిస్తే వంటింట్లో గిన్నె నిలవదు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ బిగ్గరగా, "నేను ముందుగాలనే అనుకున్న సారూ, దాని మొకమే గట్లుంటది" అంది. వెనక నుంచి ఎవరో, "పండు తెంపుడు పాముకేం తెలుసు, కోతికే తెలుస్తది" అన్నారు. సంఘమంతా ఒప్పేసుకుంది. నా జీవితంలో నేను చెప్పింది ఇంతమంది ఒకేసారి నమ్మడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద పక్కకు పిలిచి, "మరి సండే స్కూలు గోడ మీద పాము బొమ్మ ఉన్నది, దాన్నేం చేద్దాం సార్?" అని అడిగాడు. హేళనో నిజంగానో నాకు ఇప్పటికీ తెలియదు. అయ్యగారు మెదక్ నుంచి వచ్చేసరికి పిల్లలు ఆ పాముకు బొగ్గుతో రెండు చేతులు, రెండు కాళ్ళు గీసేశారు. ఆయన నన్నేమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడు మెదక్ పోయినా మాత్రం పక్క ఊరి అయ్యగారిని పిలిచి పెట్టి పోయేవారు. నేను బజారులో పోతుంటే కోతి సారు అనే మాట వినపడేది. క్లార్క్ సారు అన్నవాడు ఒక్కడూ లేడు.

ఇంట్లో పరీక్ష ఇంకా కష్టంగా ఉండేది. అవ్వకు చదువు రాదు. మా వైపు చాలామంది ఆడవాళ్ళ లాగే బీడీలు చుట్టి నన్ను చదివించింది. కండ్లు మసకబారాక కూడా చేతులు అలవాటుగా చుట్టేవి. ఒక సాయంత్రం ఒళ్ళో చాట పెట్టుకొని, ఆకు కత్తిరిస్తూ అడిగింది: "కొడుకా, ఏలియాకు రొట్టె చేసిపెట్టిన ఆమె ఇంట్ల పిండి ఒడువలేదంటరు గద. పొద్దుగాల లేచి చూస్తె తొట్టి నిండ ఉంటుండెనా, అడుగున గుప్పెడే ఉంటుండెనా?"

ఒకటో రాజుల గ్రంథం పదిహేడో అధ్యాయం. హెన్రీ రెండో సంపుటం దించాను. క్లార్క్ రెండోది దించాను. దుమ్ము దులిపాను. నేల మీద పరిచాను. డిక్షనరీ తెచ్చాను. కండ్లద్దాలు వెతికాను. ఇవన్నీ అయ్యేసరికి అవ్వ బీడీలు కట్టలు కట్టి, గంప పక్కన పెట్టి పడుకుంది. తెల్లారి కాఫీ తాగుతుండగా గొంతు సవరించుకొని చెప్పాను: "అవ్వా, హెన్రీ దొర ఏమంటాడంటే, ఆ పిండి, ఆ నూనె దాచిపెట్టుకుంటే పెరగలేదట, వాడుకున్న కొద్దీ పెరిగినయట."

"గది నాకెర్కనే. నేనడిగింది నిండ ఉంటుండెనా, గుప్పెడుంటుండెనా అని."

ఆ సంగతి ఆయన రాశాడో లేదో, రాత్రి నా ఇంగ్లిషుతో నాకైతే దొరకలేదు. కాసేపు చూసి, "గుప్పెడే అయ్యుంటది తియ్యి" అని తునికాకు తడుపుకోవడానికి లేచింది. దాచిపెట్టినది పెరగలేదని నా నోటితో నేనే చదివి వినిపించాను, ఆ మాట నా బీరువాకు తగులుతుందేమోనని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పుస్తకాలు తుడిచి యథాస్థానంలో పెట్టాను.

అసలు ఈ వ్యాఖ్యానాలన్నీ పూటకింత అని పుట్టినవే. మాథ్యూ హెన్రీ తండ్రి ఫిలిప్ హెన్రీని 1662లో ప్రభుత్వ చట్టం ఒకటి బోధకుడి పదవిలోంచి బయటికి పంపింది. ఆయన ఇంట్లోనే పొద్దున, సాయంత్రం భార్యాపిల్లలకు, పనివాళ్ళకు బైబిలు విడమరిచి చెప్పేవాడు. పిల్లలు రాసుకునేవారు. ఆ ఇంటి ప్రార్థన అలవాటే కొడుకు చేతిలో పెద్ద గ్రంథమైంది. 1704లో మొదలుపెట్టి 1714లో కన్నుమూసేనాటికి అపొస్తలుల కార్యాల దాకా వచ్చాడు. రోమా పత్రిక నుంచి ప్రకటన దాకా ఉన్న భాగం ఇతర బోధకులు కలిసి పూర్తి చేసినదే. వెస్లీ కొత్త నిబంధన మీద రాసిన వివరణలు 1755లో వచ్చాయి. ఆయన క్షయ లాంటి జబ్బుతో, ప్రయాణాలు ప్రసంగాలు మానుకొని పడి ఉన్న రోజుల్లో మొదలుపెట్టిన పని అది. స్పర్జన్ తన కీర్తనల వ్యాఖ్యానాన్ని నెల నెలా పత్రికలో వేస్తూ పోయారు. గ్లాస్గోలో విలియం బార్క్‌లే గారిని 1950ల్లో స్కాట్లండు సంఘం వాళ్ళు తాత్కాలికంగా ఏదో ఒకటి రాసివ్వమంటే, రోజుకింత చదువుకునేటట్టు రాసిచ్చారు. అదే కొత్త నిబంధన మొత్తం మీద 17 పుస్తకాలైంది. వీళ్ళంతా రోజుకు ఒక ముద్ద వడ్డించారు. నేను గోదాము కట్టాను.

బార్క్‌లే పేరెత్తాను గనుక ఈ మాట కూడా చెప్పాలి. కాకపోతే చెప్పాలని లేదు. పక్క ఊళ్ళో చిన్న ప్రార్థన మందిరం నడిపే ఒక కుర్ర పాస్టరు, టీవీఎస్ ఎక్సెల్ మీద వానలో తడుస్తూ వచ్చాడు. మార్కు సువార్త వరసగా చెప్తున్నానని, బార్క్‌లే మార్కు పుస్తకం ఒక వారం ఇవ్వమని అడిగాడు. ఒక్క పుస్తకం. నేను టీ ఇచ్చాను. బీరువా చూపించాను. వరసలోంచి ఒకటి తీస్తే మిగతావి వాలిపోతాయని, అట్టలు వంగుతాయని చెప్పాను. ఆ మాట నేను నిజంగా అన్నాను. ఇక్కడే కూర్చొని చదువుకోమన్నాను, ఆయనకు పొలం పని ఉందని తెలిసి. "పర్లేదు సార్" అని తడిసిన చొక్కాతోనే వెళ్ళిపోయాడు.

ఇందులో కనపడని దెబ్బ ఇంకొకటి ఉంది. స్పర్జన్ గారి భార్య సుసన్నా, ఏళ్ళ తరబడి జబ్బు మనిషి, కొనలేని బోధకులకు ఊరికే పుస్తకాలు పంపడానికి 1875లో ఒక నిధి మొదలుపెట్టింది. ఆమె పంపినవాటిలో ఈ ట్రెజరీ ఆఫ్ డేవిడ్ సంపుటాలు ఎన్నో ఉన్నాయి. పేద పాస్టర్ల కోసం ఒక జబ్బు మనిషి మంచం మీది నుంచి పంచిపెట్టిన పుస్తకాన్నే నేను అయిదో సంపుటాలు మూడు పెట్టుకొని, పాస్టరుకు టీ ఇచ్చి పంపాను.

వానకాలంలో బీరువా వెనక గోడకు చెమ్మ వచ్చింది. చెదలు పట్టాయి. పాత పుస్తకం చెడిపోవడానికి చెదలే అక్కర్లేదు. గుడ్డ పీలికలతో చేసిన పాతకాలపు కాగితం రెండు మూడు వందల ఏళ్ళు నిలుస్తుంది గానీ, పంతొమ్మిదో శతాబ్దం సగం దాటాక కట్టె గుజ్జుతో చేయడం మొదలుపెట్టిన కాగితంలో ఆమ్లం ఉండి, దానంతట అదే పసుపెక్కి, పెళుసై, మడిచిన చోట విరుగుతుంది. తోలు అట్ట ఎర్రటి పొడిగా చేతికి రాలుతుంది. నేను వేపాకు పెట్టాను, కర్పూరం ఉండలు పెట్టాను, వెనక గోడ మాత్రం చూడలేదు. చెదలు మొదటి సంపుటం చివరి అట్ట వైపు నుంచి లోపలికి తొలుచుకుంటూ వచ్చాయి. ద్వితీయోపదేశకాండం పోయింది, సంఖ్యాకాండం పోయింది. తెరిచి చూస్తే లేవీయకాండం దగ్గర ఆగి ఉన్నాయి. మనుషులు అటు నుంచి, చెదలు ఇటు నుంచి, ఆ గ్రంథాన్ని మాత్రం ఎవరూ దాటలేదు.

ఆ కుర్ర పాస్టరు తర్వాత బజారులో కలిసి, పాత సంగతి ఏమీ మనసులో పెట్టుకోకుండా ఫోను తీసి చూపించాడు. హెన్రీ, క్లార్క్, స్పర్జన్, ముగ్గురూ కాపీరైటు తీరినవాళ్ళు. ఫోన్లో ఊరికే దొరుకుతారు. వచనం మీద వేలు పెడితే ముగ్గురూ వరసగా వస్తారు. "ఆరోది లేదన్నారు కదా సార్, పంపమంటారా?" అని అక్కడికక్కడే వాట్సాప్ చేశాడు. నేను బస్సులో కామారెడ్డి దాటి, ఫుట్‌పాత్‌లన్నీ తిరిగి, రెండో సెట్టు కొని కూడా పట్టుకోలేని పుస్తకం, మిర్చీ బజ్జీలు పొట్లం కట్టేలోపు వచ్చేసింది. ఇంటికొచ్చి తెరిచాను. అట్ట లేదు, వెన్ను లేదు, పక్కన పెట్టడానికి ఏమీ లేదు. మూసేశాను.

అయినా ఇవన్నీ డబ్బు నష్టాలు, పరువు నష్టాలు. చెప్పుకొని నవ్వుకోవచ్చు. ఇంకొకటి ఉంది.

బాపుకు ఒక రేకు పెట్టె ఉండేది. అందులో తెలుగు పుస్తకాలు. అన్నీ పలచటివి, న్యూస్‌ప్రింటు కాగితం, మధ్యలో తుప్పు పట్టిన పిన్నులు. బైబిల్లో ఒక్కొక్క గ్రంథం మీద చిన్న చిన్న వివరణలు, ఆదివారం పాఠాల పుస్తకాలు, హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ గారు చెప్పిన వర్తమానాల చిన్న పుస్తకాలు. పంజాబులో సిక్కుగా పుట్టి, ఇంజనీరింగు చదువుకు సీమకు, కెనడాకు పోయి, 1929లో క్రీస్తును నమ్మి వచ్చిన ఆయన మాటలు మా బీబీపేట పేదవాడి పెట్టెలో తెలుగులో ఉండేవి. బాపు కూలి పని నుంచి వచ్చి, స్నానం చేసి, కందిలి ముందు కూర్చొని రోజుకు ఒకటో రెండో పేజీలు చదివేవాడు. ఆగిన చోట తునికాకు ముక్క పెట్టేవాడు. బీడీల ఇంట్లో వాటికి కొరత లేదు. ఒక్కొక్క పుస్తకంలో మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర్లో ఒకటి, ఎండిన ముక్కలు ఉండేవి. అంటే చివరిదాకా చదివాడు. లేవీయకాండం కూడా.

క్లార్క్ వచ్చినప్పుడు చోటు చాలలేదు. రేకు పెట్టె ఉన్న మూలలో కొత్త అల్మారా పెట్టాలి. ఆ పలచటి పుస్తకాలు నాకు పుస్తకాల్లాగా కనపడలేదు. నిలబెడితే నిలబడవు, వెన్ను మీద పేరు ఉండదు, నంబరు ఉండదు. బజారులో పాత ఇనుప సామాన్లకు, పాత పేపర్లకు ఉల్లిగడ్డలు అని బండివాడు అరుచుకుంటూ పోతుంటే పిలిచి, పెట్టెతో సహా వేసేశాను. బాపు అప్పటికి లేడు. అవ్వ వాకిట్లో కూర్చొని చూసింది. ఉల్లిగడ్డలు చాటలో పోసి ఇస్తే, "మంచిగనే ఉన్నయి" అంది. ఆ రాత్రి కూర వండలేదు. మా ఆవిడ వండింది. ఏశావు చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న కథ ఆదికాండం ఇరవై అయిదులో ఉంది. హెన్రీ దాని మీద రాసింది కూడా నేను చదివాను. నేను చదివిన ముప్పయి అధ్యాయాల్లోదే అది.

రిటైరయ్యాక తీరికగా కూర్చున్నప్పుడు ఇంగ్లిషు విసుగొచ్చి, బాపు పుస్తకాల్లాంటివి చదువుదామని బుద్ధి పుట్టింది. వెతికాను. ఆబిడ్స్‌లో అడిగితే, "అవెవరు పెడతరు సార్" అన్నారు. చిన్న పుస్తకాలకు కిలోల్లో కూడా బరువు రాదు. తెలిసిన అయ్యగార్ల ఇళ్ళల్లో లేవు. హెన్రీ మాత్రం ఎక్కడికి పోయినా ఉన్నాడు, కొత్త అచ్చులో, పాత అచ్చులో, ఫోన్లో. లోకమంతా కాపలా కాస్తున్న పుస్తకానికి నేనొకణ్ణి అదనంగా కాపలా కూర్చున్నాను. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉందో లేదో తెలియనిదాన్ని బండిలో ఎక్కించాను.

మొన్న ఎండాకాలం దోమకొండ వైపు ఒక ఊళ్ళో చావు పలకరింపుకు పోతే, అక్కడ ఒక ముసలమ్మ ఇంట్లో గూట్లో కనపడింది. అట్ట సగం లేదు, పసుపు మరకలు, అదే న్యూస్‌ప్రింటు, నిర్గమకాండం మీద తెలుగు వివరణ. చేతులు వణికాయి. ఒక వారం ఇయ్యవా పెద్దమ్మా, జిరాక్సు తీసుకొని తెచ్చిస్తానన్నాను. "పుస్తకాలు తీస్కపోయినోడు తెస్తడా బిడ్డా?" అంది. నిజమే. కొంటానన్నాను. ఒద్దంది. అక్కడ ఆగాల్సింది. నలభై ఏళ్ళ అలవాటు ఆగనిస్తుందా? జేబులోంచి అయిదు వందల నోటు తీశాను.

ఆమె నోటు దిక్కు చూసింది, పుస్తకం దిక్కు చూసింది. పుస్తకం నా చేతిలోంచి తీసుకొని, కొంగుతో తుడిచి, లోపల పెట్టెలో పెట్టి తాళం వేసి వచ్చింది.

"గీ కాయిదాలకు అయిదు నూర్లిస్తనంటున్నవంటె అండ్ల ఏదో ఉన్నది. దసరకు మా మనుమరాలు వస్తది, దానితోని సదివిచ్చుకుంట" అంది.